దక్షిణపు గట్టు

ఆ జొన్నచేనును మీరే చంపారు. నీళ్లు ఆపి చంపితే లోకం చూస్తుంది. పశువుల్ని తోలి చంపితే గిట్టల జాడలు మిగులుతాయి. మీరు నీడ పెట్టి చంపారు. చేతికి మట్టి అంటలేదు, ఒంటికి చెమట పట్టలేదు. గట్టు మీద తుమ్మలు పెట్టించిన రేవణసిద్ధప్ప పటేలు ఒక్కడి పని కాదిది. చావడి అరుగు మీద చుట్ట కాలుస్తూ "చెట్టు పెడితే తప్పా?" అన్న పెద్దమనుషులారా, చేనులో అడుగు పెట్టకుండా సర్కారు విచారణ ముగించిన గిర్దావరు సాబూ, పని పోతుందనే భయంతో ఆ గట్టు దగ్గరికి రాగానే తల అటు తిప్పుకుని నడిచిన ఊరి జనమా, ఇది మీ అందరి పని. ఒక్క ఆడమనిషి బతుకుకు ఊరంతా అడ్డం నిలబడితే ఎంత నీడ పడుతుందో తెలియాలంటే పుష్యమాసంలో నారమ్మ చేనుకు రావాలి.

చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి సడక్ దిగి బండ్లబాట పట్టి నడిస్తే, ఊరి కంటే ముందు ఆ చేనే తగులుతుంది. నల్లరేగడి. తూర్పు నుంచి పడమరకు చీర ఆరేసినట్టు పొడుగ్గా ఉంటుంది గాని వెడల్పు లేదు. పట్టా పటేలుది, దున్నకం నారమ్మ మొగుడు మాణిక్‌ది. దున్నేవాణ్ణి చేనులోంచి లేపగూడదని సర్కారు చట్టం చేసింది. పటేలు చట్టానికి తల వంచాడు. లేపలేదు. తన పొలానికీ మాణిక్ చేనుకూ నడుమనున్న దక్షిణపు గట్టు మీద తుమ్మ మొక్కలు పెట్టించాడు, అంతే. మాణిక్ పోయాడు. తుమ్మలు ఎదిగాయి. ఇప్పుడవి మొదలుకు మొదలు ఆనుకుని గోడలా నిలబడ్డాయి.

వానకాలంలో ఆ చెట్లతో బాధ లేదు. సూర్యుడు నెత్తి మీద ఉంటాడు. ఆషాఢంలో ఆ కాస్త నీడా పటేలు పొలం వైపే పడుతుంది. కానీ అక్కడి రేగడిలో పంట చలికాలానిది. వానంతా భూమికి తాగించి, తేమ మీద జొన్న వేస్తారు. అది మంచు తాగి, ఎండ తిని పండాలి. సరిగ్గా అప్పుడే సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. తుమ్మల నీడ గట్టు దిగి ఉత్తరానికి సాగుతుంది. పొద్దున చేను మీద పడుకున్న నీడ సాయంత్రం దాకా లేవదు.

ఆ రోజు నారమ్మ చేనుకు వచ్చేసరికి పక్క చేన్లలో మంచు ఆరిపోయింది. ఆమె చేనులో ఇంకా ఆకుల చివర్ల నుంచి కారుతోంది. చీర మోకాళ్ల పైకి చెక్కుకుని గట్టు కింది సాళ్లలోకి దిగింది. క్షణంలో తొడల దాకా తడిసిపోయింది. జొన్న ఆమె కంటే ఎత్తుంది. తెలియనివాడు చూస్తే మంచి పంటే అనుకుంటాడు. ఆకు వెడల్పు, కానీ పాలిపోయి చంటిబిడ్డ చెవిలా మెత్తగా ఉంది. కర్ర వేలి లావు కూడా లేదు. వెలుతురు కోసం మెడ సాచి సాచి, తుమ్మలకు వీపు పెట్టి, మొక్కలన్నీ ఉత్తరానికి ఒరిగి ఉన్నాయి. ఆకుల మీద బంక. చేయి పెడితే వేళ్లు అతుక్కుంటున్నాయి.

ఒక కంకిని వంచి గోటితో గింజను నొక్కింది. పొట్టు చిట్లింది, లోపల ఏమీ లేదు. మరొకటి నొక్కింది. అదీ తాలే. నడుం తిప్పుకుని అడ్డంగా సాళ్లు దాటుతూ ఉత్తరపు ఒడ్డుకు వెళ్లింది. అక్కడ నాలుగైదు సాళ్లకు ఎండ తగులుతుంది. అక్కడి జొన్న పొట్టిది, మొండిది. కర్ర బొటనవేలంత. కంకి పిడికిలిలా బిగిసి ఉంది. గింజ నొక్కితే పాలు గోటి మీదికి చిమ్మాయి. ఆమె ఆ పాలను నాకింది. అదే విత్తనం, అదే భూమి, అదే చేయి వేసినది.

పిట్టలు ఒడ్డు సాళ్ల మీదే వాలుతున్నాయి. వడిసెలలో మట్టిపెళ్ల పెట్టి తిప్పి విసిరింది. లేచి, తిరిగి అక్కడే వాలాయి.

"ఏమక్కా, నువ్వు పిట్టలను కొడ్తున్నవా, పిట్టలే నిన్ను కొడ్తున్నయా?"

బస్వమ్మ. పక్కింటి మనిషి, పటేలు చేన్లలో కూలికి పోతుంది. ఒడిలో శనగాకు నింపుకుని బాట మీద నిలబడి నవ్వుతోంది.

"కొట్టినా పోతలేవు. గా చెట్ల కిందికి పోన్రే అని బతిమాలినా పోతలేవు," అంది నారమ్మ.

"గింజ లేంది ఎందుకు పోతయి?"

"పిట్టకున్న అకల్ గిర్దావర్ సాబ్‌కు లేకపాయె."

"నెమ్మదక్కా!" బస్వమ్మ నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. "గాయన గురించే చెప్దామని వచ్చిన. చావడి కాడ చాయ్ తాగుతున్నడు. నీ దరఖాస్ మీదనేనట. నిన్ను పిల్వమన్నరు."

నారమ్మ వడిసెలను చుట్టి నడుముకు దోపుకుంది. "నువ్వు గూడ రా బస్వా. దినాం ఈడికెల్లే పోతవు గద. చెట్ల కింద ఎట్లున్నది, ఒడ్డుకు ఎట్లున్నది, జూసింది చెప్పు. ఎక్వ వద్దు."

"నేనేం జూసిన? నేను తల దించుకోని పోతనక్కా." బస్వమ్మ ఒడిలోంచి రెండు పిడికిళ్ల శనగాకు తీసి నారమ్మ కొంగులో పోసింది. "పటేలు ముందట జర మంచిగ దండం పెట్టు. కోపం తెప్పియ్యకు." ఇంకేమీ వినకుండా గబగబా వెళ్లిపోయింది.

ఊరి దాకా నారమ్మ నోట్లోనే చదువుకుంటూ నడిచింది. దక్షిణపు గట్టు. చలికాలం. పొద్దంత నీడ. కంకి పాలు పోసుకుంటలేదు. తడబడకుండా ఈ నాలుగు మాటలు చెబితే చాలు. మళ్లీ మొదటి నుంచి. దక్షిణపు గట్టు. చలికాలం.

చావడిలో పటేలు కుర్చీలో కూర్చున్నాడు. నుదుట విభూతి ఆరలేదు. గిర్దావరు మంచం మీద గోడకు ఆనుకుని చాయ్ సాసర్‌లో పోసుకుంటున్నాడు. అరుగు మీద పెద్దమనుషులు. మెట్ల పక్కన పటేలు చెంబు పట్టుకుని నర్సప్ప నిలబడి ఉన్నాడు. మాణిక్ సొంత తమ్ముడు, పటేలు ఇంట్లో జీతం. వదినను చూసి చూపు చెంబులోకి దించాడు.

నారమ్మ మెట్ల కింద ఆగింది. వంగింది. చేతులు నేలకు తాకాయి, నోరు దానంతటదే తెరుచుకుంది.

"కాల్మొక్త పటేలా. మీ నీడల బతికేటోళ్లం."

ఆ ఊళ్లో అది ఒక మాట కాదు. తుమ్ము వచ్చినట్టు వస్తుంది. విత్తనాలకు పోతే అంటారు, బిడ్డ పుడితే అంటారు, దెబ్బలు తిని లేచి కూడా అంటారు. నారమ్మ మామ అన్నాడు, మాణిక్ అన్నాడు. అంటున్నామని కూడా వాళ్లకు తెలియదు.

పటేలుకు తెలిసింది. నెమ్మదిగా గిర్దావరు వైపు తిరిగాడు.

"ఇన్నరా సాబ్? నేనన్లే. ఆమెనే అంటున్నది."

గిర్దావరుకు ఒక్క క్షణం పట్టింది. తరువాత చాయ్ ముక్కులోకి పోయి దగ్గుతూ నవ్వాడు. అరుగంతా నవ్వింది.

"ఏమమ్మా," అన్నాడు మూతి తుడుచుకుంటూ, "నీడల బతుకుతున్న అంటివి. నీడ సంపుతున్నదని దరఖాస్ పెడ్తివి. రెండిట్ల ఏది నిజం?"

"గది గాదు సాబ్. గది... మాటకు..."

"మాటకే గద అడుగుతున్న."

"చెట్ల నీడ సాబ్. చలికాలం..."

"పోయిన ఆషాఢంల సాబ్ గట్టు దాక వచ్చిండు," అందుకున్నాడు పటేలు. "నీడ ఏడ వడ్డది? నా చేన్ల వడ్డది. హౌదా కాదా? నేను నీ మీద ఫిర్యాద్ జేసిన్నా?"

మళ్లీ నవ్వు. నారమ్మకు దారంతా చదువుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ దొరకలేదు. నర్సప్ప వైపు చూసింది. వాడు చెంబును ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు.

"సూడమ్మా," గిర్దావరు గొంతు తగ్గించాడు, "నేను రాయికోడ్ దిక్కు పోయి మల్లొస్త. గప్పటికి ఆలోచన చేస్కో. చేను నీతోని గాకుంటే వద్దని నా ముందట చెప్పు, రాజీఖుషీగ. పటేలు మంచోడు. నీకు అన్యాలం గానియ్యడు."

అదీ అసలు కథ. లేపడానికి చట్టం ఒప్పదు. తనంతట తాను వద్దంటే ఒప్పుతుంది. చెట్లు అందుకే ఎదుగుతున్నాయి.

మరుసటి రోజు పొద్దున నారమ్మ బావికి పోతే గిరక దగ్గరి నవ్వులు ఒక్కసారి ఆగాయి. తరువాత ఎవరో అన్నారు: "నీడమ్మ వచ్చింది, జర ఎండ ఇడువున్రే." ఎవరన్నారో చూడలేదు ఆమె. చేద వేసి తోడుకుంది. కడవ నిండింది. కడవ నెత్తికి ఎత్తుకోవడానికి మరో చెయ్యి కావాలి. ఆ ఊళ్లో ఎంత పగ ఉన్నా ఆ చెయ్యి ఇస్తారు. పురిటి మైలలో ఉన్నవాళ్లు తప్ప ఇవ్వనివాళ్లు లేరు. నారమ్మ కడవ పక్కన నిలబడింది. బస్వమ్మ తాడు ముడి విప్పుతూ కూర్చుంది. ముడి ఎంతకీ రావడం లేదు. నారమ్మ కడవను వంచి సగం నీళ్లు పారబోసింది. మిగిలిన సగాన్ని తానే ఎత్తుకుని నడిచింది.

ఇంట్లో ఒక్కతే. పొయ్యి మీద పెనం పెట్టి ఒక్క రొట్టె చేసుకుంది. పిండి తడుముతుంటే చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. బతికున్నప్పుడు మాణిక్ ఆ చప్పుడుకే లేచి కూర్చునేవాడు. శనగాకు వేయించి రొట్టెలో చుట్టుకుని చేనుకు పోయింది.

ఒరిగిన జొన్నను నిలబెట్టాలి. లేకపోతే కంకులు నేలకు ఆని బూజు పడతాయి. నాలుగు కర్రలను దగ్గరికి తెచ్చి, వాటి ఆకునే తాడులా మెలేసి, నడుము ఎత్తులో కట్టు కట్టాలి. ఒకదానికొకటి ఊతమై నిలబడతాయి. సాలు వెంట కూర్చుని లేస్తూ, కూర్చుని లేస్తూ కట్టింది. ఆకు అంచు కోసి వేళ్ల సందుల్లో సన్నగా నెత్తురు గీతలు పడ్డాయి. బంకకు నెత్తురు అంటి నల్లబడింది. సాలు చివరికి వెళ్లి వెనక్కి తిరిగి చూసేసరికి మొదట కట్టిన కట్టలు మొత్తంగా ఉత్తరానికి పడిపోయి ఉన్నాయి. ఒక్క కర్ర వంగితే మిగతా మూడు ఆపుతాయి. నాలుగూ ఒకే దిక్కు వంగినవైతే, కట్టు కట్టినందుకు నాలుగూ కలిసి పడతాయి.

ఆమె గట్టుకు ఆనుకుని కూర్చుంది. సడక్ మీద లారీలు పోతున్నాయి. ఒకటి పోయి, చాలాసేపటికి మరొకటి. ఏ లారీలోనూ ఆమెను ఎరిగిన మనిషి లేడు. ఊళ్లో మాత్రం అందరూ ఎరిగినవాళ్లే. ఏం తేడా?

"మీ నీడల బతికేటోళ్లం," అంది పైకి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మళ్లీ అంది. మూడోసారి అనబోయి ఆగి, నోట్లో పురుగు పడ్డట్టు ఉమ్మేసింది.

పొద్దు వాలుతుండగా రొట్టె విప్పి తుంచింది. గట్టు మీద చెప్పుల చప్పుడైంది.

"వదినె."

నర్సప్ప. ఆమె తిరగలేదు. "పటేలు పంపిండా, నువ్వే వచ్చినవా?"

"పంపితెనే వచ్చిన." అబద్ధం ఆడటం వాడికి చిన్నప్పటి నుంచీ రాదు. వచ్చి దూరంగా గొంతుక్కూర్చున్నాడు. "సాబ్ రేపొస్తడట. వద్దని చెప్పు వదినె. ఊర్లె ఇంటి జాగ ఇస్తడట పటేలు. ఏటా గింజలు గూడ పంపుతడట. ఒక్కదానివి ఎందుకీ కష్టం? నీడపట్టున కూసోని తినొచ్చు."

నారమ్మకు నవ్వొచ్చింది. చాలా రోజుల తరువాత వచ్చిన నవ్వు గనుక దగ్గులా వచ్చింది. "నీ నోట్లెకు గూడ గదే మాటొచ్చింది జూడు."

నర్సప్పకు అర్థం కాలేదు. అయ్యాక తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"గా చెట్లు ఎవలు నాటిన్రు నర్సప్పా?"

"నేనే. నీకెర్కలేదా?"

"ఎందుకు నాటుమన్నడో నీకెర్కనా?"

"గప్పుడు ఎర్క లేకుండె. నాగండ్లకు, బండి ఇర్సులకు పనికొస్తయన్నడు. నిజమే అనుకున్న." నేల మీద పుల్లతో గీస్తూ చెప్పాడు. "గా ఎండకాలం మొక్కలన్నీ మాడుమొకం బట్టినయి. నేను సంతకు పోయి వచ్చేసరికి మొదట్లన్నీ తడి. ఎవలు పోసిన్రని జూస్తే అన్న. కడవలతోని మోసి పోసిండు. గిదేందన్నా, మన చెట్లా, అన్న. చెట్టు ఎవలదైతేంది, పానం గద, అన్నడు."

నారమ్మ నములుతున్న రొట్టె నోట్లోనే ఆగింది. మాణిక్ ఆమెతో ఎన్నడూ ఈ సంగతి చెప్పలేదు. చెప్పవలసిన సంగతని అనుకొని ఉండడు. దాహంగా ఉన్నదానికి నీళ్లు పోశాడు, అంతే. ఆమె తల ఎత్తి తుమ్మలను చూసింది. కొమ్మల్లో ఎక్కడా ఆకాశం లేదు.

"మరి ఇప్పుడెర్కే గద నర్సప్పా, ఎందుకు నాటించిండో."

"ఎర్కై ఏం జేయాలె? నేను గా ఇంట్ల తింట. నా పిల్లలు తింటున్నరు." లేచాడు. "ఏం జెప్పాలె పటేలుకు?"

"వచ్చి నేనే చెప్త అను."

మరునాడు చావడి దగ్గర జనం నిండిపోయారు. తోలుబొమ్మలు వచ్చినా అంతమంది రారు. "నీడమ్మ" ఏమంటుందో విని పోదామని కూలికి పోయేవాళ్లు కూడా కొడవళ్లు చంకలో పెట్టుకుని ఆగారు. గిర్దావరు అదే మంచం మీద, అదే గోడకు ఆనుకున్నాడు. పటేలు ఇంటి నుంచి రొట్టెలు కాల్చిన వాసన వస్తోంది. గిర్దావరుకు తొందరగా ముగించాలని ఉంది.

నారమ్మ మెట్ల దగ్గరికి రాకుండా వాకిట్లోనే ఆగింది. చేతులు జోడించింది.

"దండం పటేలా."

ఆగింది.

అందరూ మిగతా మాట కోసం ఎదురుచూశారు. అరుగు మీది ముసలాయన ఒకడు, ఈరయ్య, చిన్నపిల్లకు పాఠం అందించినట్టు మెల్లగా అందించాడు కూడా: "మీ నీడల..."

"గది నేను అన తాతా," అంది నారమ్మ. "మా మామ అన్నడు. మా ఆయన అన్నడు. ఎవల నీడలనో బతికిన అనుకోని సచ్చిపోయిన్రు. వాండ్లు బతికింది వాండ్ల రెక్కల మీద. నేను గూడ గంతే. నీడల ఎవలూ బతుకరు. వచ్చి నా జొన్నను అడుగున్రి."

ఎవరూ నవ్వలేదు. కుర్చీ కిర్రుమంది. పటేలు ముందుకు వంగాడు. "ఎవలు నేర్పిన్రే నీకీ మాటలు?"

"మీరు పంపినోడు తప్ప నిన్న మొన్న ఎవలూ మాట్లాడలే నాతోని. ఎవలు నేర్పుతరు?"

గిర్దావరు చేయి ఊపాడు. "మాటలు వద్దు. చేను సంగతి జల్ది చెప్పు. కావాల్నా, వద్దా?"

"కావాలె సాబ్. తాలైనా కోస్త. మల్ల దున్నుత, మల్ల ఏస్త. వద్దన్న మాట నా నోట్లెకెల్లి రాదు. ఇంకొక్క మాట. లే సాబ్. గిప్పుడే రా. గా సాళ్లల్ల నిలబడు. నీ నీడ నీకు కనవడ్తదా సూస్కో. కనవడితె గప్పుడు నా చేను రాసిచ్చెయ్యి పటేలుకు."

గిర్దావరు బయటి ఎండను చూశాడు. పటేలును చూశాడు. రొట్టెల వాసన వచ్చే దిక్కు చూశాడు. అప్పుడు లేచి ఉంటే, నాలుగు పొలాలు దాటి నడిచి ఉంటే, ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. ఆయన లేచాడు గాని చెప్పులు తొడుక్కున్నది పటేలు ఇంటి వైపు.

"చేన్ల పంట ఉన్నది, వద్దనలేదు. గనుక చేను ఆమెదే, దున్నుకోనియ్యి పటేలా," అన్నాడు నడుస్తూనే. "చెట్ల మీద నాకు హుకుం లేదు. గట్టు నీది, చెట్లు నీయి."

ఇదీ తీర్పు. చేను ఆమెది, చేను మీది వెలుతురు పటేలుది.

జనం చీలి దారిచ్చారు. ఒక్కరూ భుజం తట్టలేదు, ఒక్కరూ వెంట నడవలేదు. బస్వమ్మ మాత్రం ఆమె పక్కనుంచి పోతూ చూపు తిప్పుకోలేదు, కళ్లలోకి చూసింది. అంతే ఆ రోజుకు.

నారమ్మ ఏదో ఒకటి చేస్తుందని పటేలుకు అనుమానం పుట్టింది. తెల్లారేసరికి నర్సప్పను గట్టు మీద కాపలా కూర్చోబెట్టాడు. చెట్టు మీద చేయి వేస్తే అరవాలి, అరిస్తే పొలంలోని జీతగాళ్లందరూ రావాలి, ఊరంతా చూస్తుండగా దొంగతనం కింద కట్టేయాలి. పటేలు లెక్క అది.

ఆమె వచ్చింది. భుజం మీద పొడుగాటి దోటి. దాని కొసకు కొడవలి, పాత చీర అంచుతో బిగించి కట్టి ఉంది. గట్టు కింద నిలబడి పైకి చూసింది. నర్సప్ప లేచి నిలబడ్డాడు. ఇద్దరి నడుమ ఒక్క చెట్టు దూరం.

"అరిస్తె అరువు," అంది ఆమె. "నీ పని నువ్వు జెయ్యి. నా పని నేను జేస్త. నా చేను మీదికి ఒంగిన కొమ్మ నాది."

నర్సప్ప నోరు తెరిచాడు. పటేలు పొలం వైపు చూశాడు. అక్కడ జీతగాళ్లు శనగ చేనులో వంగి ఉన్నారు. వాళ్లలో బస్వమ్మ నడుం ఎత్తి ఇటే చూస్తోంది. వాడు తెరిచిన నోరు మూసుకున్నాడు. తలపాగాలోంచి బీడీ తీశాడు. వెనక్కి తిరిగాడు. నారమ్మకూ, చేనుకూ, తుమ్మలకూ వీపు పెట్టి, పటేలు పొలం వైపు ముఖం చేసి కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

ఆమె దోటి ఎత్తింది. కొడవలి కొమ్మకు తగిలి జారింది. మళ్లీ పెట్టి గుంజింది. కర్ర వంగింది గాని కొమ్మ రాలేదు. ముళ్లు రాలి ముఖం మీద పడ్డాయి. మూడుసార్లు, నాలుగుసార్లు. చేతులు భుజాల దగ్గర మండుతున్నాయి.

"అట్ల గుంజితె కర్ర ఇరుగుతది," అన్నాడు నర్సప్ప తల తిప్పకుండానే. పొలంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "కొమ్మ కిందికెల్లి ఒక గాటు. గప్పుడు పైకెల్లి గుంజాలె."

ఆమె కింద గాటు పెట్టింది. పై నుంచి గుంజింది. కొమ్మ ఫెళ్లున విరిగి జొన్న మీద పడింది. నర్సప్ప వీపు ఉలిక్కిపడింది. తిరగలేదు. శనగ చేనులో ఎవరో "ఏం సప్పుడది?" అన్నారు. బస్వమ్మ గొంతు గట్టిగా వినిపించింది: "ఏదో మేక తుమ్మ గుంజుతున్నది తీయ్, పని జూడు."

కొమ్మ ఉన్నచోట పైన రంధ్రం పడింది. అందులోంచి ఎండ దిగి, మోదుగాకు విస్తరంత మేర, నాలుగు జొన్న కర్రల మీద పడింది. నారమ్మ ముళ్లకొమ్మను కొంగు చుట్టిన చేత్తో లాగి గట్టు అవతల పారేసింది. అరచేతిలో దిగిన ముల్లును పళ్లతో పీకింది. రెండో కొమ్మకు దోటి ఎత్తింది.

ఆ రోజంతా కొట్టినా అందినవి కింది కొమ్మలే. పైవి దోటికి అందవు. ఇప్పుడు దిగిన ఎండతో ఈ యేటి కంకి పాలు పోసుకోదు, అదను దాటిపోయింది. సాయంత్రం పటేలు గట్టు దగ్గరికి వస్తాడు. కొమ్మలు చూస్తాడు. నర్సప్పను అడుగుతాడు. వీపు తిప్పి ఎన్నాళ్లు కూర్చుంటాడు నర్సప్ప? మేక అని ఎన్నిసార్లు అంటుంది బస్వమ్మ?

అందుకే ఇప్పుడు కావలసింది జాలి కాదు. జొన్న కోతకు ముందే ఆ తుమ్మల వరుసను మొదళ్లకంటా నరికేయాలి. వేళ్లు కూడా తవ్వి తీయాలి. పక్క చేనువాడు ఒప్పుకోనిదే ఎవడి గట్టు మీదా చెట్టు లేవగూడదని చావడిలో అందరి ముందూ ఒప్పందం కావాలి. చేను మీద ఫిర్యాదు వస్తే గిర్దావరు మంచం దిగి చేనులో నిలబడాలి, పంట ఉన్న కాలంలో, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా. హుకుం లేదంటే హుకుం తెచ్చుకోవాలి. నర్సప్పను ఒంటరిగా పటేలు ముందు నిలబెట్టకండి. చావడి ముందు చంకల్లో కొడవళ్లు పెట్టుకుని తమాషా చూసినవాళ్లారా, మీ ఇళ్లల్లో గొడ్డళ్లు కూడా ఉన్నాయి. పొద్దు గూకకముందే అవి పట్టుకుని దక్షిణపు గట్టుకు రండి.